చుంచెలుకలో మెడ ధమనిని సన్నబరచడం: కాయిల్ సైజు కంటే ముందు చూడాల్సినవి

అడిగిన ప్రశ్న ఇది: మెదడుకు చాలాకాలం రక్తం తక్కువగా అందితే వైట్ మ్యాటర్‌కు (మెదడు లోపలి నరాల పోగులుండే తెల్ల పదార్థానికి) ఏమవుతుందో చూడటానికి చుంచెలుకల్లో రెండు వైపులా కామన్ కెరోటిడ్ ధమనికి (మెడ ధమనికి) 0.18 మి.మీ. మైక్రోకాయిల్, అంటే సన్న తీగచుట్ట, వేశారు. మొదటి వారంలోనే చాలా చనిపోయాయి. బతికినవాటిలో నెల తర్వాత చూస్తే షామ్ గుంపుకీ (కాయిల్ వేయకుండా కోత మాత్రమే పెట్టినవాటికీ) వీటికీ తేడా లేదు. కాయిల్ సైజు మార్చాలా, మోడలే మార్చాలా?

సైజు జోలికి ఇప్పుడే వెళ్లకండి. ఒకే బ్యాచ్‌లో కొన్ని చనిపోయి, కొన్నింటికి ఏమీ కాలేదంటే ఒక్కో జంతువుకు ఒక్కో మోతాదు పడిందని అర్థం. 0.18 అనేది తీగచుట్ట లోపలి వ్యాసం, అంతే. అసలు మోతాదు మెదడుకు చేరే రక్తం ఎంత తగ్గిందన్నది. దాన్ని ప్రతి జంతువులోనూ కాయిల్ వేసిన రోజే కొలవకపోతే, నెల తర్వాత మీ చేతికొచ్చే స్లైడ్లను ఎలా చదవాలో ఎవరూ చెప్పలేరు. మీ ప్రశ్నలో కొలతల ప్రస్తావనే లేదు కాబట్టి ముందుగా అదే చెబుతున్నాను.

ఇక్కడ చుంచెలుక అంటే మౌస్, ఎలుక అంటే ర్యాట్ అనుకుని చదవండి. రెండింటి లెక్కలు వేరు.

మొదట మోడల్ సంగతి. మనుషుల్లో మెడ ధమని సన్నబడితే మెదడుకు రెండు దారుల్లో ముప్పు వస్తుంది. ఒకటి, కొవ్వు గడ్డ పగిలి ముక్కలు పైకి కొట్టుకుపోయి మెదడు రక్తనాళంలో అడ్డుపడటం. రెండోది, రక్తప్రవాహం తగ్గి మెదడు లోపలి తెల్ల పదార్థం నెమ్మదిగా దెబ్బతినడం. కాయిల్ మోడల్ రెండోదానికే పనికొస్తుంది. అందులో గడ్డ ఉండదు, ముక్కలు ఎగిరిపడవు, నాళం లోపలి పొర కూడా చాలావరకు మామూలుగానే ఉంటుంది. మీ ప్రశ్న వైట్ మ్యాటర్ గురించి కాబట్టి మీరు ఎంచుకున్న మోడల్ సరైనదే. గడ్డ పగలడం గురించి అయితే దారి వేరు, దాని గురించి చివర్లో చెబుతాను.

రెండు వైపులా 0.18 కాయిల్ వేసే పద్ధతిని క్యోటో విశ్వవిద్యాలయ బృందం 2004లో ప్రచురించింది. వాళ్లు 0.16 నుంచి 0.22 మి.మీ. దాకా నాలుగు సైజులు పోల్చి చూశారు. సర్జరీ అయిన 2 గంటలకు 0.18తో మెదడు ఉపరితల రక్తప్రవాహం ముందున్నదానిలో దాదాపు ముప్పావుకు, 0.16తో దాదాపు సగానికి పడిపోయింది. 0.20, 0.22లతో చెప్పుకోదగ్గ తగ్గుదల లేదు. అంటే 0.02 మి.మీ. తేడాతోనే ఏమీ కాకపోవడం, దెబ్బ తగలడం, చావుకు దగ్గరవడం మారిపోతున్నాయి. 0.16కి వెళితే గ్రే మ్యాటర్ (నరకణాలుండే భాగం) కూడా దెబ్బతింటుంది, మరణాలు పెరుగుతాయి. అప్పుడు మీరు చూసేది వైట్ మ్యాటర్ జబ్బు అవదు, చిన్న చిన్న స్ట్రోకుల కలగాపులగం అవుతుంది. కాబట్టి 0.18 దగ్గరే ఉండండి.

ఇంత చిన్న తేడాకు అంత ప్రభావం ఎందుకంటే, సన్నబడిన చోట ప్రవాహానికి ఎదురయ్యే నిరోధం వ్యాసార్థపు నాలుగో ఘాతంతో మారుతుంది. వ్యాసం సగమైతే అడ్డుకోత వైశాల్యం నాలుగో వంతే మిగులుతుంది. సన్నబడిన భాగం ఎంత పొడవుంటే నిరోధం అంత పెరుగుతుంది. పై పద్ధతిలోని కాయిల్ 0.08 మి.మీ. పియానో తీగతో, 0.50 మి.మీ. పిచ్‌తో (చుట్టుకూ చుట్టుకూ మధ్య దూరంతో), మొత్తం 2.5 మి.మీ. పొడవున ఉంటుంది, అంటే సుమారు ఐదు చుట్లు. ఎక్కించేటప్పుడు ఫోర్సెప్స్‌తో పట్టి లాగితే చుట్లు సాగుతాయి, వాటి మధ్య ధమని ఉబ్బి బయటికొస్తుంది. అప్పుడు డబ్బా మీద 0.18 అనే ఉంటుంది, లోపల స్టెనోసిస్ (సన్నబాటు) మాత్రం సగమే పడుతుంది. మీ బతికిన జంతువుల్లో తేడా లేకపోవడానికి నేను మొదట అనుమానించేది దీన్నే. చంపిన తర్వాత ప్రతి కాయిల్‌నూ ధమనితో సహా బయటికి తీసి, స్కేలు పెట్టి మైక్రోస్కోప్ కింద ఫొటో తీయండి. పొడవు 2.5 దాటి ఉంటే ఆ జంతువు కథ అక్కడే తేలిపోతుంది. వాడిన కాయిల్‌ను మళ్లీ వాడొద్దు.

ఇక జంతువు. సీ57బీఎల్/6జే అనే ప్రయోగశాల స్ట్రెయిన్ (జాతి) మగవి, 10 నుంచి 12 వారాల వయసు, 24 నుంచి 29 గ్రాముల బరువు. ఈ పరిధికి కట్టుబడి ఉండండి. చిన్న జంతువులో ధమనీ సన్నదే, అదే కాయిల్ దానికి తక్కువ స్టెనోసిస్ ఇస్తుంది, మరోవైపు మత్తుకు త్వరగా డీలా పడుతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ జంతు విభాగం నుంచి తెచ్చుకున్నా, మరెక్కడి నుంచి తెచ్చుకున్నా, సబ్‌స్ట్రెయిన్ (ఉపజాతి) 6జేనా 6ఎన్‌నా అని అడిగి రాయించుకోండి. 6ఎన్‌లో రెటీనాను దెబ్బతీసే ఆర్‌డీ8 అనే జన్యులోపం ఉంటుంది, గోడమీది గుర్తులు చూసి దారి వెతుక్కునే పరీక్షల్లో అది తలనొప్పి తెస్తుంది. రెండు సబ్‌స్ట్రెయిన్లను ఒకే ప్రయోగంలో కలపనేకూడదు. మే నెల ఎండలో రైల్లోనో వ్యానులోనో వచ్చిన జంతువుల్ని కనీసం వారం రోజులు కుదుటపడనివ్వాలి.

ఈ స్ట్రెయిన్‌లో ఇంకో చిక్కుంది. మెదడు అడుగున ఉండే విల్లిస్ వలయంలో ముందు భాగాన్నీ వెనక భాగాన్నీ కలిపే పోస్టీరియర్ కమ్యూనికేటింగ్ ధమని సీ57లో ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. కొన్నింటికి రెండు వైపులా ఉంటుంది, కొన్నింటికి ఒక వైపే, కొన్నింటికి దాదాపు ఉండదు. మెడలో రెండు కెరోటిడ్లూ సన్నబడ్డాక మెదడును ఆదుకునేది వెన్నెముక వెంట వచ్చే వర్టిబ్రల్ ధమనుల రక్తమే, అది ముందుకు రావాల్సింది ఈ వంతెన మీదుగానే. వంతెన లేని జంతువు చనిపోతుంది, బాగా ఉన్నదానికి ఏమీ కాదు. మీ బ్యాచ్‌లో రెండు విపరీతాలూ కనిపించడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. జంతువు బతికుండగా దీన్ని సరిదిద్దలేం, కానీ చివర్లో నమోదు చేయగలం: చంపేటప్పుడు గుండె ద్వారా ముందు సెలైన్, తర్వాత జెలటిన్ కలిపిన నల్ల కార్బన్ సిరా పంపి, మెదడును చల్లబరిచి తీసి అడుగు భాగాన్ని ఫొటో తీయాలి. ఒక్కో వైపు ఉంది, సన్నగా ఉంది, లేదు అని మూడు మార్కులు చాలు. హిస్టాలజీకి (కణజాలాన్ని పలుచగా కోసి రంగు వేసి చూడటానికి) వేరే మెదళ్లు కావాలి కాబట్టి ప్రతి గుంపులో కొన్నింటిని దీనికోసం ముందే కేటాయించుకోండి.

సర్జరీకి వద్దాం. మత్తుకు ఐసోఫ్లురేన్ నయం: మొదలు 4 శాతం, తర్వాత 1 నుంచి 1.5 శాతం. కీటమైన్, జైలజీన్ కలిపి ఇస్తే గుండె వేగం పడిపోతుంది, బీపీ అటూ ఇటూ అవుతుంది. రెండు కెరోటిడ్లూ సన్నబడిన జంతువుకు బీపీ పడితే ఇన్‌ఫార్క్ట్ (రక్తం అందక మెదడు భాగం చచ్చిపోవడం) రావడానికి అదొక్కటే చాలు. అలాగని ఐసోఫ్లురేన్ కూడా అమాయకమైనదేం కాదు, మెదడు నాళాల్ని వెడల్పు చేస్తుంది. 2 శాతం దగ్గర కొలిచిన ప్రవాహాన్ని 1 శాతం దగ్గర కొలిచినదానితో పోల్చకూడదు. మలద్వారంలో ప్రోబ్ పెట్టి ఉష్ణోగ్రత 36.5 నుంచి 37.5 డిగ్రీల మధ్య ఉంచండి. హీటింగ్ ప్యాడ్ వేడి ఎంతో చూసి ఊరుకుంటే సరిపోదు, జంతువు వేడి ఎంతో చూడాలి.

మెడ మధ్యలో ఒక సెంటీమీటరుకు కాస్త ఎక్కువగా కోసి, లాలాజల గ్రంథుల్ని కత్తిరించకుండా చెరో పక్కకు జరపాలి. స్టెర్నోమాస్టాయిడ్ కండరాన్ని పక్కకు తొలగిస్తే దాని లోపలి అంచున కొట్టుకుంటున్న కామన్ కెరోటిడ్ కనిపిస్తుంది. దాన్ని అంటిపెట్టుకుని తెల్లటి వేగస్ నరం ఉంటుంది. ఎక్కువ జంతువులు చనిపోయేది ఈ అర సెంటీమీటరు చోటులోనే. నరాన్ని ఫోర్సెప్స్‌తో పట్టుకున్నా, దారంలో ధమనితో కలిపి ఎత్తినా, కాయిల్ చుట్టులో ఇరికించినా జంతువు లేచాక ఎగశ్వాస పడుతుంది, ఊపిరి తీసేటప్పుడు కీచుమంటుంది, కొన్ని గంటల్లో చనిపోతుంది. దాన్ని స్ట్రోక్ ఖాతాలో వేసేవాళ్లు చాలామంది. నరాన్ని లాగకుండా, దాన్ని ధమనికి అతికించిన పలుచటి పొరను సన్న మొన ఫోర్సెప్స్‌ను మూసి చొప్పించి, మెల్లగా తెరుస్తూ విడదీయాలి. ధమని పొడవునా 5 నుంచి 6 మి.మీ. విడిపిస్తే సరిపోతుంది.

కాయిల్ ఎక్కించడానికి ధమని కింద నుంచి రెండు 4-0 పట్టు దారాలు వేసి, వాటి మధ్య భాగాన్ని కొద్దిగా ఎత్తాలి. కొద్దిగా అంటే ధమని కింద వెలుగు కనిపించేంత. అంతకంటే ఎత్తితే మెలి తిరిగి ముడుచుకుపోతుంది. కాయిల్ కొసను ధమని పక్కకు ఆనించి, కెరోటిడ్ రెండుగా చీలే చోటికి కాస్త కింద, బోల్టుకు నట్టు ఎక్కించినట్టు కాయిల్‌ను దాని ఇరుసు మీద తిప్పుతూ ఒక్కో చుట్టులోకి ధమనిని రానివ్వాలి. తిరగాల్సింది కాయిల్ మాత్రమే. ధమని కూడా తిరిగితే కాయిల్ వదలగానే వెనక్కి తిరిగి చుట్ల మధ్య మెలి పడుతుంది, లోపల రక్తం గడ్డకడుతుంది. ఎక్కిన తర్వాత దారాలు తీసేసి రెండు నిమిషాలు చూడండి: కాయిల్‌కు పైభాగంలో నాడి బలహీనంగానైనా కొట్టుకోవాలి. అసలు కొట్టుకోకపోతే అది స్టెనోసిస్ కాదు, మూసుకుపోయింది. గోరువెచ్చని సెలైన్ చుక్కలు వేసి నాళం బిగుసుకుపోవడం సడలుతుందేమో చూడండి, సడలకపోతే కాయిల్ తీసేయండి. ఈ రెండు నిమిషాలూ, ఇంకా మొత్తం సర్జరీలోనూ, ఆ చోటు ఆరిపోకుండా తడుపుతూనే ఉండాలి. ఆరిన ధమని గోడ దారానికి అంటుకుని చిరుగుతుంది.

ఒక వైపు అయ్యాక 30 నిమిషాలు ఆగి రెండో వైపు వేయడం ఎక్కువమంది పాటించే పద్ధతి. మరణాలు ఎక్కువగా ఉన్న మీలాంటి చోట రెండు వైపులకూ మధ్య 24 గంటలు ఇచ్చి చూడటం కాయిల్ సైజు మార్చడం కంటే మంచి ప్రయత్నం. కాకపోతే షామ్ గుంపుకు కూడా రెండుసార్లు మత్తు, రెండుసార్లు కోత ఉండాలి.

షామ్ గురించి ఒక మాట. ధమనిని బయటపెట్టి మూసేయడం మామూలు షామ్. కానీ తీగ చుట్టూ కణజాలం వాచి నాళం గోడ మందమవుతుంది. వాపు మీ ప్రశ్నలో భాగమైతే ధమనిని నొక్కకుండా వదులుగా ఉండే పెద్ద వ్యాసం కాయిల్ వేసిన ఇంకో చిన్న గుంపు పెట్టండి.

ఇప్పుడు కొలత. చుంచెలుక పుర్రె పలుచన కాబట్టి లేజర్ స్పెకిల్‌కు (లేజర్ వెలుగుతో మెదడు ఉపరితల రక్తప్రవాహాన్ని బొమ్మగా చూసే పద్ధతికి) ఎముక కొయ్యక్కర్లేదు. తల చర్మం మధ్యలో కోసి పక్కలకు జరిపి, ఎముక మీద అల్ట్రాసౌండ్ జెల్ పలుచగా రాసి చూస్తే చాలు. బుడగలుంటే అక్కడ మెరుపు వచ్చి అంకె చెడిపోతుంది. ఒక్క చోటి ప్రవాహాన్నే కొలిచే లేజర్ డాప్లర్ ఒక్కటే ఉంటే ప్రోబ్ ప్రతిసారీ అదే చోట పెట్టడానికి ఎముక మీద గుర్తు పెట్టుకోండి. సర్జరీకి ముందు, తర్వాత 2 గంటలకు, 1, 3, 7, 14, 28 రోజులకు కొలవాలి. ప్రతిసారీ అదే మత్తు శాతం, అదే ఉష్ణోగ్రత, మత్తు పెట్టిన తర్వాత అన్నే నిమిషాలకు. సొంతంగా ఊపిరి తీసుకునే జంతువు లోతైన మత్తులో కార్బన్ డయాక్సైడ్ నిలబెట్టుకుంటుంది, దాంతో ప్రవాహం అబద్ధంగా పెరుగుతుంది. 2 గంటల అంకె ముందున్నదానిలో 90 శాతం పైన ఉంటే కాయిల్ పట్టలేదు, 50 కింద ఉంటే అది వేరే జబ్బు. ఇలాంటి హద్దులు మీరే పెట్టుకోండి, కానీ ప్రయోగం మొదలుపెట్టకముందే రాసిపెట్టుకోండి. స్లైడ్లు చూశాక పెట్టిన హద్దుకు విలువ లేదు.

కొలతలు చూసి కంగారు పడకుండా ఉండటానికి ఇంకో విషయం: ప్రవాహం మొదటి రోజు నుంచే కోలుకోవడం మొదలవుతుంది, వారాలు గడిచేకొద్దీ ముందున్న స్థాయికి దగ్గరవుతుంది. కింది నుంచి వచ్చే నాళాలు వెడల్పవుతాయి. 28వ రోజు అంకె బాగుందని మోడల్ పనిచేయలేదనుకోవద్దు, వైట్ మ్యాటర్ దెబ్బ 14వ రోజు తర్వాతే స్పష్టమవుతుంది. లేజర్ చూసేది పైపొరనే, కార్పస్ కల్లోసమ్ (మెదడు రెండు సగాల్నీ కలిపే వైట్ మ్యాటర్ కట్ట) లోపల ఎంత తగ్గిందో చెప్పదు. దానికి రక్తప్రవాహాన్ని కొలిచే ఏఎస్‌ఎల్ ఎంఆర్‌ఐ కావాలి. ఎంఆర్‌ఐ ఉద్దేశం ఉంటే కాయిల్ ఆర్డర్ పెట్టకముందే తీగ దేనితో చేసిందో అడగండి: పియానో తీగ ఇనుము జాతిది, అయస్కాంతానికి లాగుతుంది. చిన్న అయస్కాంతం ఆనించి చూస్తే తెలిసిపోతుంది.

చనిపోయిన జంతువులు ఎప్పుడు చనిపోయాయో గంటలతో రాయండి. అదే రోజు పోతే మత్తు, రక్తస్రావం, వేగస్ నరం. 1 నుంచి 3 రోజుల్లో పోతే చాలావరకు ఇన్‌ఫార్క్ట్. 4 రోజులు దాటాక పోతే తిండి తినకపోవడం, కుట్లు చీము పట్టడం. ఒక్కోదానికి మందు వేరు. చివరి దశకు చేరుతున్న జంతువును ముందే చంపి, వెంటనే మెదడు తీసి ముక్కలు చేసి బతికిన కణజాలాన్ని ఎర్రబరిచే టీటీసీ అనే రంగు 2 శాతం ద్రావణంలో 37 డిగ్రీల దగ్గర ఉంచితే చచ్చిన భాగం తెల్లగా తేలుతుంది. తెల్లారి చూస్తే చచ్చిపడి ఉన్న జంతువు మెదడులో టీటీసీ నమ్మొద్దు, మొత్తం పాలిపోయే ఉంటుంది.

సర్జరీ తర్వాత చర్మం కింద అర మి.లీ. గోరువెచ్చని సెలైన్, నొప్పికి బ్యూప్రెనార్ఫిన్ కిలోకు 0.05 నుంచి 0.1 మి.గ్రా. చొప్పున 8 నుంచి 12 గంటలకోసారి ఇవ్వాలి. మెలాక్సికామ్ వాపును తగ్గించేది కాబట్టి మైక్రోగ్లియా (మెదడులోని రక్షణ కణాలు) మీ కొలతైతే దాని జోలికి పోకండి. మెడ కుట్లతో తల పైకెత్తి జాలీ నుంచి తినలేవు, తడిపిన తిండి మొదటి మూడు రోజులూ పంజరం నేల మీదే పెట్టాలి. బరువు 20 శాతం తగ్గితే అక్కడ ఆపేయాలి.

హిస్టాలజీలో మైలిన్‌ను (నరాల పోగుల మీది కొవ్వు తొడుగును) చూపే క్లూవర్-బరేరా రంగు వేసి 0 నుంచి 3 దాకా మార్కులు వేస్తారు: 0 మామూలు, 1 పోగుల వరుస చెదరడం, 2 కంతలు పడటం, 3 మైలిన్ పోగులు మాయమవడం. ముందు చూడాల్సింది పక్క వెంట్రికిల్‌ను ఆనుకుని ఉన్న కార్పస్ కల్లోసమ్. తర్వాత ఇంటర్నల్ క్యాప్సూల్, కాడేట్-పుటామెన్‌లోని పోగుల కట్టలు. గుంపు తెలియని ఇద్దరు విడివిడిగా మార్కులు వేయాలి. ఐబా1 (మైక్రోగ్లియాను చూపేది), జీఎఫ్‌ఏపీ (ఆస్ట్రోసైట్ అనే సహాయక కణాల్ని చూపేది) రంగులు మైలిన్ కంటే ముందే మారతాయి, కాబట్టి 7వ రోజుకో గుంపు పెట్టుకోండి. జ్ఞాపకశక్తికి ఎనిమిది చేతుల రేడియల్ మేజ్ ఈ మోడల్‌లో బాగా పనిచేస్తుంది, ముఖ్యంగా వర్కింగ్ మెమరీ (అప్పటికప్పటి జ్ఞాపకం) తప్పుల్ని లెక్కించాలి. ఆ పరీక్ష కోసం తిండి తగ్గించడం జంతువు బరువు కోలుకున్న తర్వాతే.

ఎలుకకు మారదామా అని మీరు అడిగి ఉంటే ఇది జవాబు. విస్టార్ ఎలుకలో విల్లిస్ వలయం బాగుంటుంది కాబట్టి రెండు కామన్ కెరోటిడ్లనూ పూర్తిగా కట్టేసినా చాలావరకు బతుకుతాయి. ఆపరేషన్ సులువు, కానీ ప్రవాహం ఒక్కసారిగా సగానికంటే కిందికి పడుతుంది, అది మనుషుల్లో ఏళ్లపాటు సాగే సన్నబాటుకు దూరం. పైగా చూపు నరాల దారి దెబ్బతింటుంది. కళ్లలో వెలుగు వేసినప్పుడు కనుపాప చిన్నబడని ఎలుకను నీళ్ల మేజ్‌లో వేసి జ్ఞాపకశక్తి పోయిందని రాస్తే అది తప్పు లెక్క. నెమ్మదిగా మూసుకుపోవాలనుకుంటే అమెరాయిడ్ రింగు ఉంది: ఉక్కు తొడుగు లోపల కేసీన్ (పాల ప్రోటీన్) ఉంటుంది, నీరు పీల్చి లోపలికి ఉబ్బి కొద్ది రోజుల్లో నాళాన్ని నొక్కుతుంది. ఎలుకకు 0.5 మి.మీ. లోపలి వ్యాసం వాడతారు. చుంచెలుకలో కుడికి అమెరాయిడ్, ఎడమకు కాయిల్ వేసే పద్ధతి కూడా ఉంది, అందులో ఒక వైపు లోపల చిన్న ఇన్‌ఫార్క్టులు వస్తాయి.

గడ్డ పగలడం గురించి అయితే అపోఈ (కొవ్వును మోసే ప్రోటీన్ జన్యువు) లేని చుంచెలుకలకు 6 వారాల వయసు నుంచి 21 శాతం కొవ్వున్న తిండి పెట్టి, 12 వారాలప్పుడు కుడి కామన్ కెరోటిడ్‌కు రెండు చోట్ల సన్నబాటు కట్టే పద్ధతి ఉంది. 150 మైక్రాన్ల సూదిని ధమని పక్కన పెట్టి 6-0 దారంతో రెండింటినీ కలిపి కట్టి, సూది లాగేస్తారు. పై ముడి చీలికకు 1 మి.మీ. కింద, రెండోది దానికి 3 మి.మీ. కింద. 7 వారాల్లో ముడుల దగ్గర అస్థిరమైన గడ్డలు, వాటి లోపల రక్తస్రావం కనిపిస్తాయి. గడ్డ స్వభావం చదవడానికి ఇది బాగుంది. ఆ గడ్డ పగిలి మెదడులో స్ట్రోక్ వస్తుందని మాత్రం ఎదురుచూడొద్దు.

కాయిల్ వేసిన జంతువులో తర్వాత మిడిల్ సెరిబ్రల్ ధమనిని కూడా మూయాలనుకుంటే ముందే ఆలోచించుకోండి. కామన్ కెరోటిడ్ నుంచి ఫిలమెంట్ (నాళాన్ని మూసే సన్నని దారపు పోగు) ఎక్కించే కోయిజుమి పద్ధతికి కాయిల్ అడ్డొస్తుంది. ఎక్స్‌టర్నల్ కెరోటిడ్ కత్తిరించిన మొండి కొస నుంచి ఎక్కించే లోంగా పద్ధతికి అడ్డు రాదు, కానీ కాయిల్ చీలికకు మరీ దగ్గరగా ఉంటే దారం కట్టడానికి చోటు చాలదు. అందుకని కాయిల్‌ను ఒక మి.మీ. కిందికి దించి వేయండి.

జంతు నైతిక కమిటీకి ఫారం-బీ (ప్రయోగానికి అనుమతి కోరే దరఖాస్తు) మళ్లీ పెట్టాల్సి వస్తుంది. అందులో ఈ మరణాల కాలాల పట్టిక, 24 గంటల విరామంతో ఆరేడు జంతువుల పైలట్, 2 గంటల ప్రవాహపు హద్దులు, 20 శాతం బరువు నియమం రాసి ఇవ్వండి. పైలట్‌లో 2 గంటల అంకెలు 65 నుంచి 85 శాతం మధ్య గుమిగూడితేనే పెద్ద గుంపుకు వెళ్లండి. చెల్లాచెదురుగా ఉంటే కాయిల్ ఎక్కించే చేతిని సరిచేసుకోవడమే తర్వాతి పని. దానికి వేరే ప్రయోగం ముగిసి చంపేసిన జంతువుల మెడ మీద సాధన చేయొచ్చు, కొత్త జంతువు అక్కర్లేదు.